పొదుపు సమావేశంలో మోకాళ్ల నొప్పి

ప్యాపిలి ప్రాంతంలో చాలా ఇళ్లకు పరచినవి బేతంచెర్ల బండలే. వేసవిలో హాయినిచ్చే ఆ బండలమీద చాప వేసి పొదుపు సంఘం సమావేశం జరుపుతారు. గంట గడిచేసరికి పెద్ద వయసు సోదరీమణులకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడుము పట్టేస్తుంది. నలుగురిలో కాళ్లు చాచుకోవడానికి మొహమాటం. మధ్యలో బయటికి వెళ్లవలసి వస్తుందని ఉదయం నుండి మంచినీళ్లు ముట్టనివారూ ఉన్నారు. మూత్రంలో మంట మొదలయ్యేది ఇలాగే. "ఇంత చిన్న సంగతి ఎవరితో చెప్పుకుంటాం, హజ్రత్?" అని మమ్మల్ని అడుగుతారు.

సంఘం అప్పుపై వడ్డీ సంగతి వేరు, దానిని ఇక్కడ చర్చించడం లేదు. అయితే సంఘాల పంచసూత్రాలలో మొట్టమొదటిది క్రమం తప్పని సమావేశమే; పొదుపు, అంతర్గత అప్పు, చెల్లింపు, పుస్తకాలు ఆ తరువాతివి. మోకాళ్లకు భయపడి అత్తగారు ఇంట ఉండిపోతే, ఆమె డబ్బుకు సంబంధించిన తీర్మానం ఆమె లేకుండానే జరిగిపోతుంది.

నిలబడలేనివారు కూర్చొని నమాజు చేయడానికి అనుమతి ఉంది. మసీదులలోకి కుర్చీలు వచ్చి చాలాకాలమైంది. సభలలో ఇతరులకు చోటివ్వమని ముజాదలా సూరా 11వ ఆయతు ఆదేశిస్తుంది. చోటంటే జానెడు చాప మాత్రమేనా? గోడకు ఆనుకొనే స్థలాన్ని పెద్దవారికి వదలండి. రెండు కుర్చీలు తెప్పించండి. మరుగుదొడ్డి ఉన్న ఇంటిలోనే సమావేశం పెట్టండి. లెక్కలు ముందు, కబుర్లు తరువాత. కుర్చీలో కూర్చున్నామెను 'దొరసాని' అని ఎగతాళి చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానికి జంకి రావడం మానినవారిని ఈ నెల పిలిపించి, వారి పొదుపు లెక్క వారికే చదివి వినిపించండి.