సికిల్ సెల్ రోగుల రక్త పరీక్షలపై తీర్మానం

మన్యం ప్రాంత సికిల్ సెల్ బాధిత కుటుంబాల సర్వసభ్య సమావేశం కూలంకషంగా చర్చించి ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ వల్ల జబ్బు ఎవరికి ఉన్నదీ బయటపడుతున్నందుకు ఈ సమావేశం హర్షిస్తున్నది. అయితే ఒకే ఇంట్లో, ఒకే జబ్బున్న పిల్లల్లో ఒకరు బడికి పోయి ఆడుకుంటుంటే, ఇంకొకరు చేతులూ పాదాలూ వాచి, కళ్ళు పచ్చబడి మాటిమాటికీ ఆసుపత్రి పాలవుతున్నారు. ఈ తేడా ఎందుకన్నది రక్తంలోని ప్రోటీన్లు కొంతవరకు చెబుతాయి.

వాటిలో ముఖ్యమైనది హిమోగ్లోబిన్ ఎఫ్. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎక్కువ భాగం ఇదే. పుట్టిన కొన్ని నెలలకు తగ్గిపోతుంది. ఇది ఎక్కువగా మిగిలినవారిలో సికిల్ హిమోగ్లోబిన్ పోగులు కట్టి ఎర్రకణాన్ని వంచేయడం తగ్గుతుంది. హైడ్రాక్సీయూరియా మందు ప్రధానంగా దీన్నే పెంచుతుంది. భారతీయ రోగుల్లో ఇది సాధారణంగా ఎక్కువే గనుక మన పిల్లలకు జబ్బు తేలికేనన్న వాదనను ఈ సమావేశం అంగీకరించదు. ఏ బిడ్డ రక్తం ఆ బిడ్డదే.

హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష నివేదికలో హిమోగ్లోబిన్ ఎఫ్ శాతం ఉంటుంది. మా చేతికొచ్చిన సికిల్ సెల్ కార్డుల్లో చాలావాటిపై మాత్రం ఆ అంకె లేదు. కనుక ఆ శాతాన్ని, పరీక్ష తేదీని, అంతకుముందు రక్తం ఎక్కించిన తేదీని కార్డుపై నమోదు చేయాలని తీర్మానిస్తున్నది. దాత ఎర్రకణాలు దాదాపు నాలుగు నెలల వరకు ఒంట్లో ఉండి ఆ శాతాన్ని మార్చగలవు. రక్తం ఎక్కించిన తేదీ లేకపోతే డాక్టరు ఆ అంకెను నమ్మడానికి లేదు.

ఎర్రకణాల విచ్ఛిత్తిని తెలిపే ఎల్‌డీహెచ్, హాప్టోగ్లోబిన్ పరీక్షలు, ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే సీఆర్‌పీ పరీక్ష జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా జరపాలి. నొప్పులు లేని రోజుల్లో ఒకసారి చేసి ఉంచితేనే, నొప్పి వచ్చిననాటి ఫలితాలను దేనితోనైనా పోల్చి చూడగలం.

ఏ ఒక్క ప్రోటీన్ అంకెనో చూపి మందులు గానీ, వైకల్య ధ్రువపత్రం గానీ నిరాకరించరాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ జబ్బును తన జాబితాలో చేర్చింది. హైడ్రాక్సీయూరియా, దానితోపాటు అవసరమయ్యే రక్తకణాల పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి.

ఈ తీర్మానం ప్రతులను ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి పంపి, లిఖితపూర్వక జవాబు కోరాలని ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది.