కోడలిని నిందిస్తే రక్తం ఆగదు

బిడ్డ పాకడం మొదలుపెట్టగానే మోకాళ్లు వాస్తాయి. పాలపన్ను ఊడితే రాత్రంతా నెత్తురు కారుతూనే ఉంటుంది. హిమోఫిలియా ఉన్న ఇళ్లలో ఇది తరచూ కనిపించే దృశ్యం. వ్యాధి దాదాపుగా మగపిల్లలకే రావడం, తల్లి పైకి ఆరోగ్యంగానే ఉండటంతో “పుట్టింటి నుంచి తెచ్చింది” అన్న నింద కోడలి మీద పడుతోంది. ఇది అన్యాయం.

స్త్రీకి ఎక్స్ క్రోమోజోములు రెండు. పురుషునికి ఎక్స్ ఒకటి, వై ఒకటి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన 8వ, 9వ ఫాక్టర్ల జన్యువులు ఎక్స్ మీదనే ఉన్నాయి. తల్లిలో ఒక ఎక్స్ చెడినా రెండవది చాలావరకు ఆదుకుంటుంది. కొడుక్కి ఆ ఆసరా లేదు. అటువంటి తల్లికి పుట్టే ప్రతి కొడుక్కీ వ్యాధి వచ్చే అవకాశం సగం, ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం. తండ్రికే వ్యాధి ఉంటే అతని నుంచి కొడుకులకు రాదు, కూతుళ్లందరూ వాహకులవుతారు. తాత జబ్బు మనుమడిలో తేలడం ఇందువల్లనే. పైగా సుమారు మూడింట ఒక వంతు కేసులలో ఆ కుటుంబంలో పూర్వం ఎవరికీ ఈ వ్యాధి ఉండదు. విక్టోరియా రాణి పూర్వీకులలోనూ దీని జాడ లేదు. అయినా కుమారుడు లియోపోల్డ్ ఈ వ్యాధితోనే 1884లో మరణించాడు. రష్యా యువరాజు అలెక్సీ ఆమె మునిమనుమడే.

మేనరికం వల్లనే ఈ వ్యాధి పుడుతుందనుకోవడం పొరపాటు. అయితే వ్యాధి ఉన్న యువకునికి అక్క కూతురినిచ్చి చేసే ముందు మాత్రం ఆలోచించాలి. అక్క, ఆమె ద్వారా కూతురు వాహకులై ఉండవచ్చు. అదే జరిగితే ఆ దంపతులకు పుట్టే ఆడపిల్లకు సైతం వ్యాధి రావచ్చు. లాంఛనాల గురించి నెల్లాళ్లు మాట్లాడుకునే పెద్దలు రక్తపరీక్ష ఊసెత్తరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం హిమోఫిలియాను వైకల్యంగా గుర్తించింది. కానీ కీలులో రక్తం చేరిన బిడ్డకు కావలసింది వెంటనే ఫాక్టర్ ఇంజెక్షన్. నగరానికి బస్సులో చేరేలోగా జరగవలసిన నష్టం జరిగిపోతుంది. అందువల్ల జిల్లా ఆసుపత్రులలో మందు నిల్వ ఎప్పుడూ ఉండాలి. అది ఏ బీరువాలో ఉందో రాత్రి డ్యూటీ డాక్టరుకు తెలియాలి. ఈ పిల్లలకు ఆస్ప్రిన్ ఇవ్వరాదని, కండకు సూది వేయరాదని ఆర్.ఎం.పి.లకు చెప్పాలి. వ్యాధి తేలిన బాలుని తల్లికి, యుక్తవయసు వచ్చిన అక్కచెల్లెళ్లకు, పినతల్లులకు ఉచితంగా పరీక్ష చేయించి, ఫలితాన్ని గుట్టుగా వారికే చెప్పాలి. వాహకురాలని ముందే తెలిస్తే కాన్పు చేసే డాక్టరు తగిన జాగ్రత్తలో ఉంటారు.