ధైర్యం చాలకనా, సమయం చాలకనా?

మా మేనల్లుడు అమెరికాలోని డల్లాస్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు అక్కడి ఫుట్‌బాల్ ఆట ఒకటి సెల్‌ఫోనులో చూపించాడు. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదిది. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. జట్టుకు 11 మంది. బంతిని విసిరే ముఖ్యమైన ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. ప్రత్యర్థులు అతని మీద పడకుండా అయిదుగురు భారీకాయులు అడ్డుగోడగా నిలబడతారు. ఆ గోడ అతని ముందు, పక్కల వంగి మధ్యలో కొంత ఖాళీ మిగులుస్తుంది. దానినే పాకెట్ అంటారు. చూడడానికి నిజంగా జేబులాగే ఉంటుంది.

మేము చూసిన ఆటలో ఆ గోడ విరిగింది. క్వార్టర్‌బ్యాక్ తడబడి బంతిని తిన్నగా ప్రత్యర్థి చేతుల్లోకి విసిరాడు. "వీడికి గుండెధైర్యం లేదు మామయ్యా!" అన్నాడు మావాడు. ఈ మాట మా బడిలోనూ తరచు వింటుంటాను. బోర్డు దగ్గర నోరు పెగలని పిల్లవాణ్ణి చూసి అనే మాట ఇదే. నేను ఒప్పుకోలేదు. ముందు లెక్క వేసి చూద్దాం, తర్వాత తీర్పు చెబుదువుగాని అన్నాను.

బంతి చేతికి అందినది మొదలు విసిరేదాకా క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది సుమారు రెండున్నర, మూడు సెకన్లు. తోటి ఆటగాడు 25 మీటర్ల దూరంలో, సెకనుకు 8 మీటర్ల వేగంతో అడ్డంగా పరుగెత్తుతున్నాడనుకుందాం. బంతి వేగం సెకనుకు 25 మీటర్లు. బంతి చేరేసరికి ఒక సెకను గడుస్తుంది, ఈలోగా అతడు 8 మీటర్లు ముందుకు పోతాడు. కనుక బంతిని అతడున్న చోటికి కాక, ఉండబోయే చోటికి విసరాలి. అదే చోటికి పావు సెకను ఆలస్యంగా విసిరితే? బంతి అతనికి 2 మీటర్ల వెనుకకు చేరుతుంది. అక్కడ ఉండేది వెంటబడి వస్తున్న ప్రత్యర్థి!

పావు సెకను ఒక లెక్కా అనుకుంటున్నారేమో. మీరే చేసి చూడండి. మీ మిత్రుణ్ణి 30 సెంటీమీటర్ల స్కేలును, సున్న కిందికి ఉండేలా, నిలువుగా పట్టుకోమనండి. సున్న దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచండి. అతడు చెప్పకుండా వదిలినప్పుడు పట్టుకోండి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే, కింద పడే వస్తువుల సూత్రం ప్రకారం మీకు పట్టిన కాలం సుమారు 0.2 సెకను. ఇప్పుడు రెండు స్కేళ్లు, రెండు చేతులు. ఏది వదిలితే దానినే పట్టాలి, రెండో చెయ్యి కదలకూడదు. మా తొమ్మిదో తరగతిలో చేయిస్తే చాలామందికి స్కేలు మొత్తం జారిపోయింది. అంటే పావు సెకను దాటిందన్నమాట. వాళ్లలో కబడ్డీలో ఎవరికీ వెరవని పిల్లలూ ఉన్నారు! ఎంచుకోవలసినవి పెరిగేకొద్దీ ప్రతిస్పందన కాలం కూడా పెరుగుతుందని హిక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1952లో చూపించాడు. మనకు రెండు స్కేళ్లే. క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందుకోగలవాళ్లు నలుగురైదుగురు, వాళ్లను కాచేవాళ్లు మరికొందరు.

కంటి సంగతి కూడా చూడండి. చెయ్యి చాచి బొటనవేలి గోరును చూస్తే, ఇంచుమించు ఆ గోరంత మేరే మనకు స్పష్టంగా కనబడుతుంది. చుట్టూ ఉన్నదంతా మసకే. గోడ విరిగి 120 కిలోల మనిషి మీదికి దూసుకువస్తుంటే చూపు తనంతట తానే అతని మీదికి పోతుంది. అప్పుడు దూరాన పరుగెత్తే తోటివాడు మసకలో కలిసిపోతాడు. పైగా బంతికి వేగం ఒక్క చేతి నుంచే రాదు. ముందుకు అడుగు వేసి, నడుము తిప్పి, ఆ ఊపును భుజం దాకా తెచ్చి విసరాలి. అడుగు వేయడానికే చోటు లేనప్పుడు మిగిలేది చెయ్యి ఒక్కటే. రక్తంలోకి చేరిన అడ్రినలిన్ గుండెను వేగంగా కొట్టిస్తుంది. పారిపోవడానికో, తలపడడానికో అది మంచి సాయమే. నిలకడగా గురి చూడడానికి మాత్రం అంత సాయం కాదు.

శామ్ డార్నల్డ్ అనే క్వార్టర్‌బ్యాక్ కథ మావాడికి బాగా తెలుసు. 2019 అక్టోబరు 21న న్యూయార్క్ జెట్స్ జట్టు 33–0 తేడాతో ఓడింది. అతడు 4 సార్లు బంతిని ప్రత్యర్థులకే విసిరాడు. తనకు దయ్యాలు కనబడుతున్నాయని పక్కవాళ్లతో అన్నమాట మైకులో వినబడి దేశమంతా నవ్వింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. రాని ప్రత్యర్థులు కూడా వస్తున్నట్టు తోచిందని అతని భావం. నాకైతే అందులో నవ్వవలసినది ఏమీ కనబడలేదు. ఒక మనిషి తన కళ్లకు జరుగుతున్నదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు, అంతే. అదే మనిషి 2024లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టుకు ఆడితే, ఆ జట్టు 17 ఆటల్లో 14 గెలిచింది. తర్వాత 2025 జనవరిలో ఒక ముఖ్యమైన ఆటలో గోడ నిలవలేదు. ప్రత్యర్థులు అతణ్ణి 9 సార్లు పడగొట్టారు, జట్టు ఓడింది. ధైర్యం 2024లో వచ్చి 2025లో పోయిందా?

"మరి గోడ విరిగినా నిలబడి విసిరేవాళ్లు లేరా?" అని మావాడు పట్టుబట్టాడు. ఉన్నారు. ముందు ఎవరిని చూడాలి, తర్వాత ఎవరిని చూడాలి అనే వరుసను వాళ్లు వేలసార్లు సాధన చేసి ఉంటారు. అయిదింటిలో ఒకటి ఎంచుకోవలసిన పని వాళ్లకు ఒక్కొక్కటిగా అవునో కాదో తేల్చే పనిగా మారుతుంది. మనుషులందరూ ఒకలాగే ఉంటారని నేను అనను. అయితే సాధనకు ఇవ్వవలసిన మెప్పును గుండెకు ఇవ్వడం నాకు నచ్చదు.

మావాడు పూర్తిగా ఒప్పుకున్నాడని చెప్పలేను. నా అలవాటు మాత్రం ఒకటి మారింది. లెక్క చేయమని బోర్డు దగ్గరకు పిలిచిన పిల్లల పక్కనే నిలబడి "ఊఁ, తర్వాత?" అంటూ ఉండేవాణ్ణి. ఇప్పుడు దూరంగా వెళ్లి కిటికీ దగ్గర నిలబడుతున్నాను. కొందరికి లెక్క వస్తోంది. కొందరికి ఇంకా రావడం లేదు.