చేసిన పనికి పైసలియ్యండి! కొత్త పథకం ఆ తర్వాతే!

తల్లిదండ్రులారా, వ్యాపారస్తులారా, ఉద్యోగ మిత్రులారా!

అసెంబ్లీలో మళ్లీ బడ్జెట్ చదువుతారు. లక్షల కోట్ల లెక్కలు టీవీలో దొర్లుతాయి. మేం మీకు 6 రూపాయల 78 పైసల లెక్క చెప్తాం.

సర్కారు బడిలో ఐదో తరగతి దాకా చదివే పిల్లకు మధ్యాహ్న భోజనంలో ఒక పూట వంట ఖర్చు అది. 2025 మే నుంచి కేంద్రం ఖాయం చేసిన రేటు. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 10 రూపాయల 17 పైసలు. బియ్యం సర్కారువి, గుడ్డుకిచ్చేది వేరే. పప్పు, నూనె, కూరగాయలు, కారం, పసుపు, పొయ్యి కింద మంట అంతా ఇందులోనే వెళ్లాలి.

60 మంది చిన్న పిల్లలున్న బడికి రోజుకు 407 రూపాయలు. 24 పనిరోజులకు 9,763. ఆ డబ్బు ముందుగా రాదు. వంటమ్మ అప్పుతెచ్చి వండిపెట్టాలి. హెడ్మాస్టరు బిల్లు రాయాలి, ఎంఈఓ సంతకం కావాలి, ట్రెజరీలో టోకెన్ నంబరు పడాలి. నంబరు పడుతుంది, పైసలు పడవు. మూడు నెలలు ఆగితే బాకీ 29 వేలు దాటుతుంది.

60 మందికి ఇద్దరు వండాలని రూలు. ఒక్కొక్కరికి గౌరవ వేతనం నెలకు 3 వేలు. అందులో కేంద్ర పథకం లెక్క వెయ్యి. ఆ వెయ్యిలోనూ 600 ఢిల్లీది, 400 రాష్ట్రానిది. 2009లో పెట్టిన వెయ్యి ఇప్పటికీ వెయ్యే, అదీ ఏడాదికి పది నెలలకే. మిగతా 2 వేలు రాష్ట్రం కలిపింది. ఇద్దరికీ కలిపి 6 వేలు రావాల్సిన ఆడవాళ్లు సర్కారుకు 29 వేలు అప్పిస్తున్నారన్నమాట, వడ్డీ లేకుండా! వాళ్లు తెచ్చుకునేది మాత్రం నూటికి రెండు రూపాయల మిత్తికి.

ఈ బాకీ అక్కడితో ఆగదు. కిరాణా కొట్టాయన పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆయనకు హోల్‌సేల్ షాపువాళ్లు అరువు బంద్ పెడతారు. కూరగాయలమ్మే ఆమె మొహం చాటేస్తుంది. చిన్న వ్యాపారాలకు ప్రోత్సాహం అని బడ్జెట్ ప్రసంగంలో ఒక పేజీ ఉంటుంది కదా, పాత బాకీ కట్టడం కంటే పెద్ద ప్రోత్సాహం ఇంకేముంటుంది?

చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాళ్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006లో చట్టం చేశారు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మంచి చట్టమే, అమలు సంగతి అలా ఉంచండి. బడి వంట బిల్లుకు మాత్రం గడువు గోడ మీద ‘రేపు రా’ అని రాసినట్టే ఉంది.

డబ్బుల్లేవా? 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని కేంద్ర ఆర్థిక మంత్రే ప్రకటించారు. ఆ చేత్తోనే వంటమ్మ 600ను 700 చేయలేకపోయారు. రాష్ట్రానికి అప్పుల కిస్తీల ఇబ్బంది ఉన్నమాట నిజం. అయినా బ్యాంకు కిస్తీకి తేదీ ఉన్నప్పుడు వంట బిల్లుకు ఎందుకుండదు?

టీచర్లకు, ఉద్యోగులకు కొత్త పీఆర్సీ 2023 జూలై 1 నుంచి అమలు కావాల్సింది. అదీ న్యాయమైన డిమాండే, మేం అండగా ఉంటాం. కానీ వరసలో ముందు నిలబడాల్సింది 3 వేల జీతం. ఈ మాట టీచర్లే ముందుగా అనాలని మా కోరిక.

మేం అడిగేది ఇదీ: వంట బిల్లులు, గౌరవ వేతనం ట్రెజరీలో ఆగకుండా గ్రీన్ చానల్‌లో పెట్టి ప్రతి నెలా 10వ తేదీ లోపు వేయాలి. ఆలస్యమైతే వడ్డీ కలపాలి. కేంద్రం తన వాటా పెంచాలి. ఏ శాఖ ఎవరికి ఎంత బాకీ ఉందో సభలో చదివాకే కొత్త పథకం పేరెత్తాలి.

బడ్జెట్ సమావేశాలు మొదలయ్యే రోజు ఉదయం 10 గంటలకు ఎంఈఓ ఆఫీసు ముందుకు తరలిరండి! వ్యాపారస్తులు ఖాతా పుస్తకాలు తెండి. తల్లిదండ్రులు మీ బడి బకాయి ఎంతో హెడ్మాస్టరును అడిగి కాగితం మీద రాసుకుని రండి. ఎమ్మెల్యే ఊళ్లోకొస్తే ఒక్కటే అడగండి: మా బడి వంట బిల్లు ఏ తేదీన పడుతుంది?

ఇట్లు,
మధ్యాహ్న భోజన కార్మికులు, కిరాణా వ్యాపారులు, ఉపాధ్యాయులు