గుంట మూత కూడ మగ్గపు సామానే



నూలు ధర, మజూరీ, రిబేటు - వీటిని గూర్చి మనము ఎన్నోసార్లు చర్చించుకొన్నాము. ఈ మాసము మన యిండ్లలోనే ఉన్న మరియొక విషయమును సభ్యుల ముందుంచుచున్నాము. అది కాలు జారి పడుట. వినుటకు చిన్న సంగతి. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపిన లెక్క ప్రకారము ప్రపంచములో ఏటా సుమారు 6,84,000 మంది పడుట వలన మరణించుచున్నారు. వారిలో నూటికి 80 మందికి పైగా అల్ప, మధ్య ఆదాయ దేశముల వారే. 60 ఏండ్లు దాటినవారికి ప్రాణభయము మరీ ఎక్కువ.

మిల్లు కార్మికుడు పనిలో గాయపడినచో చట్టప్రకారము పరిహారము అడుగగలడు. సొంత ఇంటి మగ్గముపై నేయువానికి ఆ దారి సాధారణముగా లేదు. ముంజేయి విరిగినచో నాడె ఆగును. నాడె ఆగినచో మజూరీ ఆగును. కండెలు చుట్టు ఇల్లాలు పడినను అంతే. ఒకరి చేయి నిలిచిన ఇల్లంతా నిలుచును.

గుంట మగ్గమును మన పెద్దలు ఊరక పెట్టలేదు. నేల తేమకు పడుగు పోగు తెగదు. కాని పని లేని వేళ, వెల్లిచందైలో నైనను మరెక్కడ నైనను, అదే గుంట ప్రాకు బిడ్డకు, చూపు తగ్గిన అవ్వకు అపాయము. వానాకాలమున నీరు ఊరినచో గుంట అంచు మట్టి కూడ జారును. దినమంతా దానిలో కూర్చున్న మనకు ఆ అపాయము కంటికే ఆనదు.

చేయవలసినవి కష్టమైనవి కావు. మగ్గము దిగగానే గుంటపై గట్టి పలక వేయవలెను. తిమ్మిరెక్కిన కాళ్ళతో తటాలున లేవక, ఒక నిమిషము ఆగి, ఊత పట్టుకొని లేవవలెను. గంజి గాని రంగు నీరు గాని ఒలికిన వెంటనే తుడువవలెను. కండెలను, నూలు చిక్కులను బుట్టలో వేయవలెను. వీధిలో పడుగు సాగదీసినపుడు మోకులకు ఎఱ్ఱ గుడ్డ కట్టవలెను. పెరటి దారిలో రాత్రి దీపముండవలెను. పెద్దలకు కండ్ల పరీక్ష చేయించవలెను. పడినవారికి తుంటి నొప్పి యున్నచో బలవంతముగా నిలువబెట్టక 108కి ఫోను చేయవలెను.

"పడుట కర్మము, దానికి సంఘమేమి చేయును?" అని కొందరందురు. ఒలికిన గంజిని తుడువకుండుట కర్మము కాదు. "పలక ఎవరి యింటికి వారే కొనుక్కొందురు గదా" అని మరికొందరందురు. నిజమే, కొనగలవారు కొందురు. కాని నూలుకే అప్పుపడు ఇంట పలక ఎప్పుడును రేపటి పనియే. మగ్గమునకు అప్పు ఇచ్చునపుడు అచ్చును, నాడెను లెక్కలో చేర్చుచున్నాము గదా. గుంట మూతను కూడ ఏల చేర్చరాదు? ఒక పలక వెల ఎంత, నెలల తరబడి నిలిచిన మగ్గము నష్టమెంత? రాబోవు సర్వసభ్య సమావేశములో సభ్యులు దీనిని ఆలోచించి తీర్మానము చేయవలెనని మా అభిప్రాయము.

తీర్మానము కొఱకు మాత్రము వేచియుండవద్దు. ఈ రాత్రి దీపమార్పక ముందే మీ గుంటకు మూత పడినదో లేదో చూచుకొనవలెనని మనవి.

- కార్యదర్శి