పన్ను పోయింది... నొప్పి మిగిలింది

రూట్ కెనాల్ బాగానే జరిగింది. ఎక్స్‌రేలో చూస్తే వేరు చివరిదాకా మందు నిండింది. పైన క్యాప్ కూడా సరిగ్గా కూర్చుంది. చిగురు వాపు లేదు, చీము లేదు. నొప్పి మాత్రం అలాగే ఉంది. వారం ఓపిక పట్టమన్నారు, పట్టారు. నెలయింది. మూడు నెలలయింది. పొద్దున లేచిన దగ్గర్నుంచీ బుగ్గ లోపల సన్నగా ఒకటే సలుపు, ఒక్కోసారి మంట. చిత్రం ఏమిటంటే, చాలామందిలో నిద్రపట్టాక ఈ నొప్పి లేపదు. దాంతో ఇంట్లోవాళ్లకు అనుమానం: ‘హాయిగా నిద్రపోయావుగా, ఇంకా నొప్పేమిటి?’

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలో పంటి డాక్టర్లకు కొదవలేదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లే. ఇప్పుడు సందుకో డెంటల్ క్లినిక్. అందుకే ఒకచోట ‘అంతా నార్మల్’ అంటే రెండోచోటికి వెళ్లడం తేలిక. రెండోచోట క్యాప్ తీసి మళ్లీ రూట్ కెనాల్ చేస్తారు. మూడోచోట పక్క పన్ను మీద అనుమానపడతారు. చివరికి విసిగిపోయిన మనిషే అడుగుతాడు, ‘పీకేయండి సార్’ అని. పీకితే నాలుగు రోజులు నెమ్మదిస్తుంది. ఐదోరోజు ఖాళీ చిగురులోనే మొదలవుతుంది, లేదంటే పక్క పంటికి జరుగుతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత సరిగ్గా ఇలాంటిచోటే గుర్తొస్తుంది.

ఇదేమీ కంప్యూటర్ల కాలంలో పుట్టిన జబ్బు కాదు. లండన్ సర్జన్ జాన్ హంటర్ 1778లో పంటి వ్యాధుల మీద రాసిన పుస్తకంలోనే, పళ్లతో నిజానికి సంబంధం లేకపోయినా నింద పళ్లమీద పడే దవడ నొప్పి ఒకటుందని చెప్పాడు. ఒక్కో పన్నూ పీకించుకుంటూ పోయినా అది తగ్గదని కూడా గమనించాడు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1978లో, జోసెఫ్ మార్బాక్ అనే అమెరికన్ నిపుణుడు దీన్ని ‘ఫాంటమ్ టూత్ పెయిన్’ అన్నాడు. కాలు తీసేసినవారికి లేని కాలిలో నొప్పి తెలుస్తుందే, అలా లేని పంటిలో నొప్పి అన్నమాట.

ముఖానికి రెండువైపులా ట్రైజెమినల్ అనే నాడి ఉంటుంది. మెదడు నుంచి నేరుగా బయల్దేరే 12 జతల నాడుల్లో ఇది ఐదోది. మూడు పాయలుగా చీలి, ఒకటి నుదురు, కంటివైపు, ఒకటి బుగ్గ, పైపళ్లవైపు, మూడోది కింది దవడకు వెళుతుంది. రూట్ కెనాల్ అంటే పంటి లోపలి గుజ్జుతోపాటు ఈ నాడి చివరి పోగుల్ని కూడా తెంపడమే. దాదాపు అందరిలో ఆ గాయం చప్పుడు లేకుండా మానిపోతుంది. కొద్దిమందిలో మానదు. పోగు మానినా, పైన మెదడులో సంకేతాలు అందుకునే చోటు అదే అలవాటులో ఉండిపోతుంది. అపార్టుమెంటు సెల్లార్లో పిల్లి దూకితే మోగడం మొదలెట్టి, పిల్లి వెళ్లిపోయినా ఆగని కారు అలారం లాంటిదిది. కారులో దొంగ లేడు నిజమే. అలారం మోగుతున్న మాటా నిజమే. ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అంటే దొంగ లేడని మాత్రమే అర్థం. ఐటీ కారిడార్లో ఉద్యోగం చేసేవారికి ఇది వేరే చెప్పాలా? ‘నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే’ అనే జవాబు ఎంత ఒళ్లు మండిస్తుందో వాళ్లకే బాగా తెలుసు.

అరుదైనదీ కాదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2010లో లెక్కవేస్తే, రూట్ కెనాల్ చేయించుకున్న వందమందిలో ముగ్గురు, నలుగురికి ఆరు నెలల తర్వాత కూడా పంటికి సంబంధించని నొప్పి మిగిలిందని తేలింది. వీళ్లందరిదీ నాడి నొప్పే అనుకోకూడదు. గట్టిగా పళ్లు కొరికే అలవాటున్నవారిలో దవడ కండరం బిగుసుకుపోయి ఆ నొప్పి పంటిలో తెలుస్తుంది. డెడ్‌లైన్లూ రాత్రి కాల్సూ ఉన్నచోట ఆ అలవాటుకు లోటేముంది! సైనస్ వాచినా పైపళ్లు సలుపుతాయి. పన్ను సన్నగా చిట్లినా, ఒక కాలువ శుభ్రం చేయకుండా వదిలేసినా మామూలు ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. ఇవన్నీ లేవని తేలాకే నాడి వంక చూడాలి. చిగురు వాపు, జ్వరం, తగ్గని పుండు, పెదవి మొద్దుబారడం ఉంటే ఆలస్యం చేయకూడదు. నడుస్తున్నప్పుడు దవడ లాగుతూ చెమటలు పడితే వెళ్లాల్సింది గుండె డాక్టరు దగ్గరికి.

ఇంకొకటుంది, దాన్ని దీంతో కలపకూడదు. ట్రైజెమినల్ న్యూరాల్జియా. సల్మాన్ ఖాన్ 2011లో తనకు ఉందని చెప్పింది ఇదే. ఇది సలుపు కాదు, కరెంటు షాకు. కొన్ని సెకన్లు మెరుపులా కొట్టి ఆగుతుంది. ముఖం కడిగినా, గాలి తగిలినా మళ్లీ కొడుతుంది. చాలామందిలో రక్తనాళం నాడిని నొక్కడం దీనికి కారణం. కార్బమజెపిన్ మాత్ర, అవసరమైతే ఆపరేషన్ దీనికి ఉన్నాయి. దీన్ని కూడా పంటినొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవాళ్లున్నారు.

మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? అమెరికాలో ముఖం, దవడల నొప్పిని 2020లో దంతవైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తించారు. అదే ఏడాది ఈ నొప్పులకు అంతర్జాతీయ వర్గీకరణ కూడా వచ్చింది. మన దేశంలో ఎండీఎస్‌లో ఉన్న తొమ్మిది విభాగాల్లో ఇది లేదు. దగ్గరగా వచ్చేది ఓరల్ మెడిసిన్. ఈ విభాగం పేరు చాలామంది రోగులకు తెలియదు, ఎవరూ చెప్పరు కూడా. డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో మొదట చూసేది వీళ్లే. కార్పొరేట్ క్లినిక్‌తో పోలిస్తే ఖర్చూ తక్కువ. ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే న్యూరాలజిస్టు, లేదా పెయిన్ క్లినిక్. నొప్పి ఉన్నచోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూడటం ఇక్కడ మంచి పరీక్ష. మొద్దుబారినా నొప్పి పోలేదంటే ఆ పంటిని వదిలేసి పైన వెతకాలి.

మందు రాసే రోజున ఇంట్లో అసలు గొడవ మొదలవుతుంది. ఈ నొప్పికి ఎక్కువగా రాసేది అమిట్రిప్టిలిన్. మాత్ర కొనుక్కొచ్చి ఫోన్‌లో పేరు కొడితే ‘డిప్రెషన్ మందు’ అని కనబడుతుంది. ‘పంటికని వెళితే పిచ్చిమందు ఇచ్చారు’ అని అమ్మ కంగారు. ‘నేను ముందే అన్నాగా, అంతా టెన్షనే’ అని ఆయన. మాత్ర డస్ట్‌బిన్‌లోకి వెళ్తుంది. నిజానికి నాడి నొప్పికి వాడే మోతాదు డిప్రెషన్‌కు వాడేదానికంటే చాలా తక్కువ. అది అలారం గొంతు తగ్గించడానికే. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా ఈ కోవలోవే. అందరికీ పూర్తిగా తగ్గుతుందని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు, సగానికి తగ్గినా ఉద్యోగం చేసుకోగలుగుతారు. పనిచేయడానికి వారాలు పడుతుంది. మూడోరోజున తేల్చేసేది కాదు.

రాత్రి వేసుకున్నది పొద్దున్నే మత్తుగా ఉంచితే, దుర్గం చెరువు బ్రిడ్జి మీద బండి నడపకుండా కొన్నాళ్లు మెట్రో ఎక్కడం మేలు. ఇంకో సంగతి, ఈ మాత్రతో నోరు ఎండిపోతుంది, ఎండిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి. కాబట్టి మాత్ర రాసింది న్యూరాలజిస్టే అయినా, ఆ సంగతి పంటి డాక్టరుకు కూడా చెప్పాలి. పాత ఎక్స్‌రేలన్నీ ఒక కవర్లో పెట్టి, ఏ తేదీన ఏ పంటికి ఏం చేశారో ఒక కాగితం మీద రాసి తీసుకెళితే, కొత్త డాక్టరు మొదటి పన్ను దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టరు.