ఈ కథ చదివారా?

కవిటి వెళ్లిన చుట్టాలు ఉత్తచేతులతో తిరిగిరారు. కొబ్బరికాయలో, పనసపండో సంచిలో పడుతుంది. మంచి కథా అంతే. చదివినవాళ్లు మరొకరి చేతిలో పెడితేనే బతుకుతుంది.

అలా చేతులు మారాల్సిన కథ ఈ జిల్లాలోనే ఉంది. పేరు 'యజ్ఞం'. రాసింది మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు. అందరికీ కారా మాస్టారు. 'యువ' పత్రికలో వచ్చింది.

ఓ పల్లె, ఓ పాత బాకీ, తీర్చలేని అప్పల్రాముడు, తగువు తీర్చే పెద్దమనిషి. ఇంతే కథ. ముగింపు మాత్రం ఇక్కడ చెప్పకూడదు. చదివాక కాసేపు నోట మాట రాదు.

అప్పంటే ఏమిటో ఉద్దానం రైతుకు వేరే చెప్పాలా? 2018లో తిత్లీ తుపాను కొబ్బరి చెట్లను కూల్చేసింది. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్లు గడవాలి. బాకీ మాత్రం ఆగదు. తండ్రి అప్పు కొడుకు మెడకెలా చుట్టుకుంటుందో ఆ కథ చెబుతుంది. అందుకే అది ఇప్పటికీ పాతబడలేదు.

'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ సొమ్ముతో మాస్టారు సొంతిల్లు కట్టుకోలేదు. కథలకు ఇల్లు కట్టారు! 1997లో శ్రీకాకుళంలో మొదలైన 'కథానిలయం' అదే. పాత పత్రికల్లో మరుగునపడిన ఎన్నో కథలు అక్కడికి చేరాయి. 2021లో మాస్టారు కన్నుమూశారు.

మీ ఇంట్లో అటక మీద పాత పత్రికలున్నాయా? తూకానికి వేసేముందు ఓసారి తిరగేయండి. నచ్చిన కథ కనిపిస్తే పక్కింటివాళ్లకూ చెప్పండి.